మిరప బస్తాల మీద మేజరు గారు

భారత సైన్యంలో పనిచేసే ఒక మేజరు గారిని, పట్టపగలు, అయిదూళ్ళ జనం చూస్తుండగా, ఒక్క తూటా కూడా ఖర్చు కాకుండా నేలమీద చతికిలబడేలా చేసిన ఘనుణ్ణి నేను. నేనేమీ శత్రుదేశం వాణ్ణి కాను. ఆ మేజరు గారి చేతుల మీదుగా ఒక సర్టిఫికెట్టు పుచ్చుకుందామని నెలరోజులుగా బూట్లు తోముకుంటూ కూర్చున్న అమాయకుణ్ణి. ఆ ఘోరం ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. నన్ను నేను సమర్థించుకోను. సమర్థించుకోవాలని చానాసార్లు ప్రయత్నించాను గానీ, ఎటునుంచి చెప్పుకొచ్చినా తప్పు నాదగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. సాగర్ డ్యాము ఇంకా కాగితాల మీదే ఉంది. పల్నాడులో వాన పడితే పంట, లేకపోతే ఆకాశం వంక చూస్తూ తిట్టుకోవడం. అలాంటి రోజుల్లో ప్రభుత్వం వారు పల్లెటూళ్ళలోని మామూలు మనుషులకు నెలరోజుల పాటు సైనిక శిక్షణ ఇచ్చి, మళ్ళీ ఎవరి ఇంటికి వాళ్ళను పంపించే పథకం ఒకటి పెట్టారు. అవసరం పడితే వీళ్ళే సైనికులు, పడకపోతే వీళ్ళే రైతులు. గురజాలకు నాలుగు మైళ్ళ అవతల మా ఊరి పక్కనున్న బీడు నేలలో గుడారాలు వేశారు. చుట్టుపక్కల ఊళ్ళలో తప్పెట వేయించారు. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ళ లోపు మగవాళ్ళెవరైనా చేరవచ్చన్నారు. ఖాకీ బట్టలు, బూట్లు, మూడు పూటలా తిండి ప్రభుత్వానివే. మా వైపు వయసులు ఎవరు లెక్కపెట్టుకున్నారు గనుక? యాభై దాటిన పెద్దమనుషులు కూడా మీసాలకు నల్లరంగు పూసుకుని వచ్చి చేరారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మా ఊరి హైస్కూల్లో టెంపరరీ మాస్టరుని. వేసవి సెలవులు ఇచ్చిన రోజున ఊడిపోయి, బడి తెరిచిన రోజున అదృష్టం బాగుంటే మళ్ళీ అతుక్కునే ఉద్యోగం అది. మా అమ్మ నా ఉద్యోగం పర్మనెంటు కావాలని మూడేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుండేది. ఆమె మోకాళ్ళ నొప్పులకు కారణం నేనేనని చుట్టాలందరూ అనేవాళ్ళు.

ఆ ఏడాది జూన్‌లో మా డ్రిల్లు మాస్టరు రిటైరు కావలసి ఉంది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "దానియేలూ, క్యాంపులో చేరు. చివర్లో సర్టిఫికెట్టు ఇస్తారు. అందులో ఈ మనిషి ఏ పనికి తగినవాడు అని ఒక గడి ఉంటుందట. ఆ గడిలో డ్రిల్లు అన్న ఒక్క మాట రాయించుకురా. మిగతాది బడి కమిటీతో నేను మాట్లాడతాను. ఆ మాట లేకపోతే మాత్రం నేను చెయ్యగలిగిందేమీ లేదు" అన్నారు.

అదండీ సంగతి. ఆ ఒక్క గడిలో ఒక్క మాట పడితే నేను పర్మనెంటు మనిషిని. మా అమ్మ మోకాళ్ళకు విశ్రాంతి.

మా క్యాంపులో శిక్షణ ఇచ్చే హవల్దారు పేరు అప్పలస్వామి. విజయనగరం వైపు మనిషి. బక్కగా ఉంటాడు గానీ గొంతు విప్పితే గుడారం తాళ్ళు వణికేవి. చదువుకున్నవాణ్ణని నన్ను పన్నెండు మందికి సెక్షన్ కమాండర్‌ని చేశాడు. మొదటి రోజే వచ్చింది తంటా. ఆ పన్నెండు మందిలో ఎనిమిది మంది మా ఊరివాళ్ళు. అందరూ నాకంటే పెద్దవాళ్ళు. వరసలు కలిపి పిలుచుకునే మనుషులు. వీరయ్య పెదనాన్న నన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఆయన ముఖాన "పీఛే ముడ్" అని ఎలా అరవను?

"పెదనాన్నా, కాస్త అటు తిరుగుతారా?" అన్నాను.

"తిరుగుతాలేరా, తొందరేముంది" అని ఆయన తీరిగ్గా తిరిగాడు.

హవల్దారు పరిగెత్తుకొచ్చాడు. "ఏటయ్యా ఇది? కమాండా, పేరంటమా? సైన్యంలో పెదనాన్నలు, బాబాయిలు ఉండరు. అందరూ జవాన్లే. తెలిసిందా?"

"తెలిసిందండి."

"అండీ కాదు! సార్!"

"తెలిసింది సారండీ."

హవల్దారు ఆకాశం వైపు చూసి, గట్టిగా తుమ్మాడు. ఆయన మా ఊరొచ్చిన రోజు నుంచీ తుమ్ముతూనే ఉన్నాడు. పల్నాటి దుమ్ము పడలేదని ఆయన అనుకున్నాడు. అది దుమ్ము కాదు. మిరప కోతల కాలం. ఊరి చుట్టూ ఎటు చూసినా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉండేవి. ఆ ఘాటులో పుట్టి ఆ ఘాటులో పెరిగిన మాకు దాని వాసనే తెలియదు. ఎవరైనా బయటివాళ్ళు వచ్చి ముక్కు చీదుకుంటే, పాపం జలుబు చేసిందేమోనని మిరియాల కషాయం ఇచ్చేవాళ్ళం. నేను చేసిన తప్పుకు మూలం ఇదే అని ఇన్నేళ్ళ తర్వాత నాకు తోస్తున్నది.

ఏదైతేనేం, మూడు వారాలు గడిచేసరికి నేను హవల్దారు కళ్ళలో పడ్డాను. పెదనాన్నను పెదనాన్న అనకుండా అరవడం నేర్చుకున్నాను. అరిచిన తర్వాత సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, "ఏమనుకోబాకండి" అని చెప్పి వస్తుండేవాణ్ణి, అది వేరే సంగతి. నా సర్టిఫికెట్టు కాగితం మీద, ఆ గడిలో, హవల్దారు పెన్సిలుతో ‘డ్రిల్లు శిక్షకుడు’ అని రాసి ఉంచాడు. నాకు చూపించాడు కూడా. "ఆఖరి రోజు మేజరు గారొస్తారు. కవాతు సూస్తారు. నచ్చితే దీని మీద ఇంకుతో రాసి సంతకం ఎడతారు. నీది ఖాయమేలే" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆఖరి కవాతు శనివారం పొద్దున. గురువారం పొద్దున్నే హవల్దారు నన్ను పిలిచి, "మేజరు గారు నిలబడి సలామీ తీసుకోడానికి వేదిక కట్టాలి. బల్లలూ గిల్లలూ ఆయనకి నచ్చవు. మిలిటరీ పద్ధతిలో ఇసక బస్తాలతో కట్టండి. మూడు వరసలు. ముప్పై ఆరు బస్తాలు. రేపు సాయంత్రానికల్లా అయిపోవాల. నీ సెక్షనుకే ఒప్పజెప్తన్నా" అన్నాడు.

"సార్!" అని బూటు నేలకేసి కొట్టాను. అంత ఉత్సాహంగా కొట్టి ఉండవలసింది కాదు.

పల్నాటి నేల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. పైన ఒక జానెడు మన్ను ఉంటుంది. దానికింద నాపరాయి. పార వేస్తే ఖంగుమంటుంది. గునపం వేస్తే ఎగిరి మన మీదికే వస్తుంది. మెత్తటి ఇసుక కావాలంటే రెండు మైళ్ళ అవతల వాగులోకి వెళ్ళాలి. ఇసుక నింపిన బస్తాను భుజాన వేసుకుని ఎండలో రెండు మైళ్ళు నడవాలి. ముప్పై ఆరుసార్లు. మధ్యాహ్నానికి మేము మూడు బస్తాలు తెచ్చాం. నాలుగోది తెస్తూ వీరయ్య పెదనాన్న దారిలో ఒక చెట్టు కింద కూర్చుండిపోయాడు.

"ఇంక నా వల్ల కాదురా. దేశం కోసం ప్రాణమైనా ఇస్తాను గానీ ఇసక మాత్రం మొయ్యను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు కోటయ్య మామ. మా కవాతు మైదానానికి ఆనుకునే ఆయన కళ్ళం ఉండేది. మైదానం చదును చెయ్యడానికి రాతి రోలరు, ఎడ్లు ఇచ్చింది కూడా ఆయనే. అందువల్ల క్యాంపు మీద తనకూ కొంత హక్కుందని ఆయన నమ్మకం.

"ఒరే దానేలూ, నీతో ఒక పని పడిందిరా" అన్నాడు.

"ఏంది మామా?"

"కాయలు బస్తాలకెత్తాను. గుంటూరు బండ్లు ఆదివారం గానీ రావంట. కళ్ళంలో బస్తాలు పెట్టుకోని ఎన్నాళ్ళు కూకోను? పోయినేడు రెండు బస్తాలు ఎవుడో ఎత్తుకుపోయాడు. మీకాడ తుపాకులోళ్ళు రేయింబగళ్ళు కాపలా తిరుగుతా ఉంటారు గదా. ఆ గుడారాల పక్కన పెట్టించరాదూ?"

"కుదరదు మామా. బయటోళ్ళ సరుకు క్యాంపులో పెట్టనియ్యరు."

"పెట్టనియ్యకపోతే నువ్వు కమాండరువి ఎందుకైనట్టురా? ఊరకే మీ పెదనాన్నల మీద అరవటానికా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా నియమం నియమమే గదా అనుకుని తల అడ్డంగా ఊపాను. కోటయ్య మామ నిట్టూర్చి వెనక్కి తిరిగాడు. నేను ఆయన వెనకాల కళ్ళం వైపు చూశాను. బస్తాలు దొంతరగా పేర్చి ఉన్నాయి. కొత్త గోనె బస్తాలు. నున్నగా, బిర్రుగా, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుగా ఉన్నాయి.

"మామా, ఆగు. మొత్తం ఎన్ని బస్తాలు?"

"నలభై ఒకటి."

పాఠక మహాశయులారా, ఇక్కడ మీరు నన్ను ఆపాలి. "వద్దు దానియేలూ" అని గట్టిగా అరవాలి. అరవడానికి ఆనాడు నా పక్కన ఎవరూ లేరు. ఉన్న పన్నెండు మందిలో పదకొండు మంది నా ఆలోచన విని, "నీ బుర్రే బుర్రరా అబ్బాయ్" అని మెచ్చుకున్నారు. చదువుకున్నవాడంటే ఇలా ఉండాలని వీరయ్య పెదనాన్న చెట్టు కింద నుంచి లేచి వచ్చి మరీ అన్నాడు.

ఒక్క సైకిలు మెకానిక్కు మస్తాను మాత్రం గడ్డం గోక్కున్నాడు. వాడు నా ఈడువాడు, నా స్నేహితుడు. "ఒరేయ్, బస్తాల్లో ఇసక లేదని తెలిస్తే?" అన్నాడు.

"ఎట్టా తెలుస్తది? పైన జంపఖానా పరుస్తాం. మేజరు గారు అయిదు నిమిషాలు నిలబడతాడు, దిగుతాడు, జీపెక్కుతాడు. బస్తాలు విప్పి చూస్తాడా ఏంది?"

"విప్పడనుకో. ఘాటు?"

"ఏం ఘాటు?"

మస్తాను గాలి పీల్చి చూశాడు. నేనూ పీల్చి చూశాను. నిజంగానే మాకేమీ తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి వేదిక సిద్ధమైపోయింది. ఇసుక బస్తాలు మూడూ వెనకాల, మిరప బస్తాలు ముప్పై మూడూ ముందూ పైనా, మిగిలిన ఎనిమిదీ మెట్లుగా. చూడముచ్చటగా ఉంది. మామూలుగా మిరపకాయలు బస్తాకెత్తే ముందు కాస్త నీళ్ళు చిలకరిస్తారు. కాయ మెత్తబడితే బస్తాలోకి మనిషి దిగి తొక్కినా విరగదు. ఆ ఏడాది దొంగల భయంతో కోటయ్య మామ తొందరపడి, నడిమధ్యాహ్నం ఎండలో, గలగలమంటున్న కాయలను అలాగే తొక్కించేశాడు. లోపల సగం పొడుం అయి ఉంటుంది. ఈ సంగతి ఆయన నాకు శనివారం తర్వాత చెప్పాడు.

హవల్దారు వచ్చి వేదిక చుట్టూ తిరిగాడు. "ఏటీ, బస్తాలు ఇంత పెద్దవి?"

"మా పల్నాడులో బస్తాలు పెద్దవే సార్."

బూటుతో ఒకసారి తన్ని చూశాడు. గట్టిగానే ఉంది. ఇద్దరు మనుషులు తొక్కిన బస్తా ఎందుకుండదు? హవల్దారు మూడుసార్లు తుమ్మి, నా భుజం తట్టి, "శభాష్. ఒక్క రోజులో కట్టినావు. మేజరు గారితో సెప్తాను నీ పేరు" అన్నాడు. కోటయ్య మామ తన సరుకు మీద భారత సైన్యం రాత్రంతా కాపలా తిరుగుతుందని ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాడు. నేనూ పడుకున్నాను.

శనివారం పొద్దున్నే జనం విరగబడి వచ్చారు. గురజాల నుంచి, మాచర్ల రోడ్డు మీది ఊళ్ళనుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. వేదిక మిరప బస్తాలతో కట్టారని చూడగానే ప్రతి రైతుకూ అర్థమైపోయింది. గోనె బిర్రు చూసి లోపలేముందో చెప్పగలిగిన మనుషులు వాళ్ళు. కానీ ఒక్కరూ నోరెత్తలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "గవుర్మెంటోళ్ళు, తెలియకుండా పెట్టుకుంటారా? వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటయ్యి అనుకున్నాం."

తొమ్మిదింటికి జీపు వచ్చింది. మేజరు గారు మదరాసులో పెరిగిన తెలుగాయన. భారీ మనిషి. మీసాలు రెండు వైపులా పైకి మెలితిరిగి ఉన్నాయి. వేదిక ఎక్కి నిలబడ్డాడు. అడుగున ఏదో కరకరలాడింది.

"ఏమిటీ చప్పుడు?" అన్నాడు.

"వాగిసక సార్. గులకరాళ్ళు కలిసుంటాయి" అన్నాడు హవల్దారు.

కవాతు మొదలైంది. నా సెక్షను ముందు నిలబడి ఉంది. నేను సెల్యూటు కొట్టాను. మేజరు గారు బదులుగా సెల్యూటు కొడుతూ తన కుడి బూటును దబ్బున వేదిక మీద కొట్టాడు. గోనె సందుల్లోంచి ఒక సన్నటి ఎర్రటి ఆవిరి లాంటిది లేచి ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. నేను చూశాను. అదేమిటో నాకర్థమయ్యేలోగా ఆయన నోరు తెరిచాడు, కళ్ళు మూశాడు, తుమ్మాడు.

సరిగ్గా అదే క్షణంలో నేను "తేజ్ చల్!" అని అరిచాను.

ఒక్కరూ కదలలేదు.

"తేజ్ చల్!" అని మళ్ళీ అరిచాను.

పన్నెండు మందీ రాళ్ళల్లా నిలబడ్డారు. ముందు వరసలోంచి వీరయ్య పెదనాన్న పెదవులు కదపకుండా, "ఒంటి తుమ్మురా. ఇప్పుడు అడుగేస్తే మంచిది కాదు. కాసేపాగు" అన్నాడు.

"పెదనాన్నా, నీకు దణ్ణం పెడతా, కదులు!"

"ఇంకోటి తుమ్మనియ్యి, కదులుతాం."

మిగతా పదకొండు మందీ మెడలు ఊపారు. హిందువులూ, తురకలూ, మా చర్చి మనుషులూ, అందరూ ఒక్కటే మాట మీద ఉన్నారు. నెలరోజుల శిక్షణలో హవల్దారు ఎంత గొంతు చించుకున్నా రాని ఐకమత్యం అది. నేను మేజరు గారి వంక చూసి, జీవితంలో మొదటిసారి ఒక మనిషి తుమ్మాలని మనస్ఫూర్తిగా ప్రార్థించాను.

ప్రార్థన ఫలించింది. ఆయన రెండోసారి తుమ్మాడు. పన్నెండు మందీ టక్కున ఎడమకాలు ముందుకేశారు. ఆ తర్వాత మూడోది, నాలుగోది. బేసి తుమ్ముకు ఆగుతూ సరి తుమ్ముకు కదులుతూ నా సెక్షను మైదానం సగం దాటింది. తుమ్మిన ప్రతిసారీ ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు "చిరంజీవ, చిరంజీవ" అంటూ మేజరు గారిని దీవిస్తున్నారు. హవల్దారు ముఖం కందగడ్డ అయింది.

మేజరు గారు జేబురుమాలు తీసి మీసాలు తుడుచుకుని, "చాలు కవాతు. బాయ్‌నెట్ చూపించండి" అన్నాడు.

తుపాకీ కొసకు బాకు తగిలించి శత్రువును పొడిచే విద్య అది. దానికోసం మైదానం అవతలి కొసన గడ్డి కూరిన బొమ్మలు వేలాడదీశాం. మొదట మస్తాను వెళ్ళాడు. కళ్ళు మూసుకుని మెల్లగా పొడిచాడు. బొమ్మకు తెలిసి ఉండదు.

"అది పొడవడమా, గోకడమా?" అని మేజరు గారు వేదిక మీది నుంచి కేకవేశాడు. ఆయనకు అప్పటికే కళ్ళూ ముక్కూ ధారలు కడుతున్నాయి. కోపం దేని మీదో ఒకదాని మీద తీరాలి. కిందికి దూకి, వేదిక పక్కనే నిలబడి ఉన్న నా చేతిలోని తుపాకీ లాక్కున్నాడు. గడ్డి బొమ్మలేమో వంద గజాల దూరంలో ఉన్నాయి. ఎదురుగా, చేతికందేంత దగ్గరలో, నా వేదిక ఉంది.

"ఇటు చూడండి, అందరూ! శత్రువు ఇక్కడ ఉన్నాడు!"

"సార్," అన్నాను.

"పొడువు!" అన్నాడు మేజరు గారు. బాకు బస్తాలో పిడి దాకా దిగింది.

"సార్, అది..."

"తిప్పు!" తిప్పాడు.

జనంలోంచి కోటయ్య మామ రెండు చేతులూ ఎత్తుకుని పరిగెత్తుకొస్తున్నాడు. "అయ్యా! అయ్యయ్యా! అది శత్రువు కాదయ్యా, నా మిరగాయలు!"

"లాగు!" అన్నాడు మేజరు గారు, లాగాడు.

తూర్పుగాలి వీస్తున్న పొద్దు. ఎండలో తొక్కిన కాయ. బస్తా కడుపు నుంచి అది భుస్సున వచ్చింది. మేజరు గారు ఒక ఎర్రటి మబ్బులో మాయమయ్యాడు. మబ్బులోంచి వరసగా తుమ్ములు వినిపించాయి. మబ్బు విడిపోయేసరికి ఆయన నేలమీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు. మీసాలు రెండూ కిందికి దిగి ఉన్నాయి. ఒడినిండా మిరపగింజలు ఉన్నాయి.

అప్పుడు నేనేం చేశాను? పారిపోయి ఉంటే నా బతుకు వేరే విధంగా ఉండేది. సాయం చేశాను. పరిగెత్తి వెళ్ళి, "అయ్యో సార్" అంటూ ఆయన కళ్ళను నా రెండు చేతులతో తుడిచాను. ఆ చేతులు పొద్దున్నే బస్తాలన్నీ సర్ది, జంపఖానా సరిచేసిన చేతులు. మేజరు గారు వేసిన కేక మాచర్ల దాకా వినిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కోటయ్య మామ భార్య సీతమ్మ అత్త ఎక్కడినుంచో ముంత నిండా మజ్జిగ తెచ్చి, "పక్కకి జరగండయ్యా, మీకేం తెలుసు" అని మేజరు గారి ముఖాన కుమ్మరించింది. అది పనిచేసింది. ఆయన ఒక కన్ను తెరిచాడు. ఆ కంటితో మా అందరినీ చూశాడు.

"ఈ వేదిక కట్టిందెవడు?"

నేను ముందుకు అడుగేసి సావధాన్‌లో నిలబడ్డాను.

"ఇందులో ఇసుక ఉండాలి. ఇసుక ఎక్కడ?"

"వాగులో ఉందండి."

అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసినంతలో అదే సరైన జవాబు. హవల్దారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

కోటయ్య మామకు నా మీద జాలి కలిగింది. నన్ను కాపాడాలని ముందుకొచ్చాడు. "అయ్యా, మా దానేలు చానా మంచోడయ్యా. నా సరుకు దొంగలు ఎత్తుకుపోతారని మిలిటరీ కాపలా పెట్టించాడు. వాడి తప్పేం లేదు. కాకపోతే కాపలా వాళ్ళే వచ్చి బస్తా పొడిస్తే ఎట్టాగయ్యా, మీరే చెప్పండి?"

మేజరు గారు లేచి, గుడారంలోకి నడిచి వెళ్ళాడు.

మధ్యాహ్నం సర్టిఫికెట్లు ఇచ్చారు. మేజరు గారు బల్ల వెనకాల కూర్చుని ఉన్నాడు. ఒక కంటి మీద తడిగుడ్డ. ఒక్కొక్కరి పేరూ హవల్దారు చదువుతుంటే, ఆయన ఒంటి కంటితో కాగితం చూసి, పెన్సిలు రాత మీద ఇంకుతో రాసి సంతకం పెడుతున్నాడు. పెదనాన్నకు ‘గ్రామ రక్షణ’. మస్తానుకు ‘వాహనాల మరమ్మతు’. నా వంతు వచ్చింది. నా పేరు చదివేటప్పుడు హవల్దారు గొంతు మొదటిసారిగా చిన్నదైంది.

మేజరు గారు నా ముఖంలోకి చూశాడు. తర్వాత కాగితం చూశాడు. రబ్బరు తీసుకున్నాడు. ‘డ్రిల్లు శిక్షకుడు’ అన్న మాటను ఒక్కొక్క అక్షరమే, తొందరేమీ లేకుండా తుడిపాడు. నా మూడేళ్ళ ఆశ రబ్బరు పొట్టుగా మారి బల్ల మీద పడింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఘాటు వల్ల వచ్చిందనుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఆ గడిలో ఇంకుతో ఏదో రాసి, ముద్ర వేసి, కాగితం నా చేతికిచ్చాడు. బయటికొచ్చి చూసుకున్నాను. ‘వంటశాల, సరుకుల నిల్వ’ అని ఉంది.

సోమవారం ఆ కాగితం తీసుకుని హెడ్మాస్టరు గారి ముందు నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"డ్రిల్లు అని లేదే, దానియేలూ?"

"లేదండి."

"వంటశాల అని ఉంది."

"ఉందండి. అది చిన్న పొరపాటు వల్ల..."

"పొరపాటేమిటి? మేజరు స్థాయి మనిషి నెలరోజులు నిన్ను పరీక్షించి, స్వహస్తాలతో రాసి, ప్రభుత్వ ముద్ర వేసిన కాగితం ఇది. వాళ్ళు ఊరికే రాయరు." ఆయన కళ్ళజోడు తీసి, కాసేపు ఆలోచించి, ముఖం వెలిగిపోగా అన్నారు: "మన హాస్టలు వంటశాల చూసుకోవడానికి అనుభవం ఉన్న మనిషి కోసం కమిటీవాళ్ళు ఏడాదిగా వెతుకుతున్నారు. పర్మనెంటు పోస్టు. దేవుడే పంపించాడయ్యా నిన్ను!"

ఆ విధంగా నేను పర్మనెంటు అయ్యాను. మా అమ్మ మోకాళ్ళ మీది నుంచి లేచి, దేవుడికి స్తోత్రం చెప్పింది. డ్రిల్లు మాస్టరు గారికి మరో రెండేళ్ళు పొడిగించారు. నేను రిటైరయ్యేదాకా, ముప్పై అయిదేళ్ళు, వారం వారం కోటయ్య మామ కళ్ళం నుంచి వచ్చే మిరపకాయలు దింపించుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వందమంది పిల్లలకు పప్పూ కూరా వండించాను. మేజరు గారు కోపంతో రాశారని అందరూ అంటారు. ఆయన నన్ను సరిగ్గానే అంచనా వేశాడని, నా సాంబారు తిన్నవాళ్ళు ఒప్పుకుంటారు.

ఆ సోమవారమే, వంటశాల తాళాలు చేతికి తీసుకుంటూ, బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: బొందిలో ప్రాణం ఉండగా మళ్ళీ ఏ మేజరునూ మిరప బస్తాల మీద నిలబెట్టనని. ఈ రోజు దాకా మాట తప్పలేదు. మా ఊరి వైపు మళ్ళీ ఏ మేజరూ రాకపోవడం కూడా నాకు కొంత సాయపడింది.